చీటీ తీసే న్యాయం

విరేచనాలు తగ్గిన వారం రెండు వారాలకి కొందరికి కాళ్ళు చచ్చుబడతాయి. క్యాంపైలోబ్యాక్టర్ అనే క్రిమి పైపొరకీ మన నరాల మీది ఒక పదార్థానికీ పోలిక ఉంది. క్రిమి కోసం పుట్టిన యాంటీబాడీలు నరాల మీద పడతాయి. 2025 జనవరిలో పుణె వార్తల్లో మనం విన్న గులియన్ బారే సిండ్రోమ్ ఇదే.

ఊపిరి తీసుకోలేని మనిషికి మందివ్వాలా వద్దా అన్నది చీటీ తీసి తేల్చొచ్చా? మా సాఫ్ట్‌వేర్‌లో సగం మందికి ఒక బటన్, మిగతా సగానికి ఇంకోటి చూపిస్తాం. తేడా వస్తే పాతదే పెట్టేస్తాం. మనిషి విషయంలో ఆ వీలు లేదు.

కానీ స్టెరాయిడ్ల సంగతి చూడండి. ఒంటి రక్షణవ్యవస్థే ఎదురుతిరిగినప్పుడు దాన్ని అణిచే మందు పనిచేయాలి కదా! 1978లో బ్రిటన్‌లో రిచర్డ్ హ్యూస్ బృందం 40 మందిని అలా చీటీల లెక్కన విడదీసి చూసింది. స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళే వెనకబడ్డారు. 1993లో 242 మందితో మళ్ళీ చూస్తే చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. ప్లాస్మా మార్పిడి మాత్రం 1985లో ఇదే పరీక్షకి నిలబడింది.

చీటీ కఠినమైనదే. తెలియనిదాన్ని తెలుసనుకుని అందరికీ ఎక్కించడం అంతకన్నా కఠినం. అక్కడ నష్టపోయినవాళ్ళ లెక్క కూడా మిగలదు. అయితే చీటీకి మూడు షరతులుండాలి: డాక్టరుకి నిజంగా తెలియకపోవాలి, రోగికో ఇంటివాళ్ళకో ఆ మాట చెప్పి ఒప్పించాలి, జవాబు తేలగానే ఆపేయాలి. ఒక్కటి తప్పినా అది పరిశోధన కాదు, జూదం.