అర్ధరాత్రి అడిగిన నూనె

ధ్యానభాగము: మత్తయి 25:1-13

పదిమంది కన్యకల ఉపమానము ఎరుగనివారు మన సంఘములలో లేరు. ఆదివారపు బడి పిల్లలు సహితము దానిని తడుముకొనక చెప్పగలరు. అయినను దానిలో ఒక చిక్కు ఉన్నది. నూనె అడిగినవారికి బుద్ధిగల కన్యకలు ఇయ్యలేదు. అడుగువానికి ఇమ్మని కొండమీద బోధించిన ప్రభువే, ఇయ్యనివారిని బుద్ధిగలవారని చెప్పుట ఏమి? ఈ ప్రశ్న మాకు పుస్తకము చదువుచుండగా కలుగలేదు. కరెంటు పోయిన ఒక రాత్రి తరువాత కలిగినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము బోధన్ ప్రాంతమున ఒక పల్లెలో కాపురముంటిమి. వానకాలములో ఒక సాయంకాలము గాలివాన కొట్టి, స్తంభములు ఒరిగి, ఊరంతయు చీకటియైనది. మా ఇంట ఏ లోటును లేదు. రెండు ఛార్జింగు దీపములు, టార్చి, గోలెము నిండ నీళ్లు సిద్ధముగా ఉన్నవి. కుటుంబ ప్రార్థన చేసికొని, మమ్మును ఆ రీతిగా సిద్ధపరచిన దేవునికి స్తోత్రము చెల్లించి, తలుపు వేసికొని పండుకొంటిమి.

మా వెనుక ఇంటిలో ఒక అవ్వ ఒంటరిగా ఉండెడిది. ఆమెకు దీపము లేదు. రాత్రి దాహమై లేచి, తడుముకొనుచు పోయి, గడప తగిలి పడి, తుంటి ఎముక విరిగి, తెల్లవారువరకు నేలమీదనే ఉండెను. పిలిచితినని ఆమె చెప్పెను. వాన చప్పుడులో మేము వినలేదు. ఆ రాత్రి మా ఇంట రెండు దీపములలో ఒకటి వెలిగింపబడనే లేదు. స్తోత్రము చెప్పిన నోటితో మరునాడు ఆమెకు ఏమి చెప్పవలెనో మాకు తోచలేదు.

ఐగుప్తు మీదికి వచ్చిన మూడు దినముల చీకటిని గూర్చి నిర్గమకాండము పదియవ అధ్యాయమున చదువుచున్నాము. అక్కడ వ్రాయబడిన కష్టమేమి? పని ఆగెననియు కాదు, వంట ఆగెననియు కాదు. ఒకనికి ఒకడు కనబడలేదనియు, ఎవడును తానున్న చోటనుండి లేవలేదనియు. చీకటిలోని అసలు చీకటి ఇదియే. దీపము చేతనుండియు పొరుగువారిని చూడని ఇల్లు ఐగుప్తువారి ఇంటివంటిదే కదా!

సిద్ధపడుట అవిశ్వాసమని కొందరు తలంతురు. దేవుడు చూచుకొనును, మనకేల ఈ చింత అందురు. కాని కరవు రానున్నదని యోసేపునకు తెలిపిన దేవుడే, పంటలో ఐదవ భాగమును కూర్చు జ్ఞానమును అతనికి అనుగ్రహించెను. యోసేపు కొట్లు నింపినది తన ఇంటికొరకు మాత్రమే కాదు, దేశమంతటికొరకు. చింతకును సిద్ధపాటుకును భేదమిచ్చట తెలియుచున్నది. చింత తన్ను మాత్రమే లెక్కించుకొనును. ప్రేమతోకూడిన సిద్ధపాటు పొరుగువారిని కూడ లెక్కించును.

ఒక్కదానిమీదనే ఆనుకొనుట ఎట్టిదో మన ప్రాంతము ఎరుగును. మంజీరపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరు నీటితో ఇచ్చట చెరకు పండినది. 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ స్థాపింపబడి, ఆసియాలోనే పెద్దదని పేరుపొందినది. ఆ పొయ్యి ఎన్నడును ఆరదని అందరును తలంచిరి. 2015 డిసెంబరులో అది మూతపడినది. ఆ ఒక్క జీతమునే నమ్ముకొన్న ఇండ్ల శ్రమను మనము కన్నులార చూచితిమి. ఒక్క తీగను నమ్ముకొన్న ఇంటి సంగతియు అట్టిదే.

2014కు ముందు కరెంటు కోతలు దినదినము ఉండెడివి గనుక ప్రతి ఇంట కందీలు తుడిచి పెట్టెడివారు. 2018 జనవరి 1 నుండి సేద్యమునకు సహితము ఇరువది నాలుగు గంటల కరెంటు వచ్చినది. అది మేలే. అయితే కందీలు అటకెక్కినది, దాని చిమ్నీ పగిలినది, దానితోకూడ మన జాగ్రత్తయు పోయినది. వానలు మాత్రము మనలను మరువలేదు. 2023 జూలైలో మన వేల్పూరులో ఒక్క దినముననే 40 సెంటీమీటర్లకు మించి కురిసెను. 2025 ఆగస్టు చివర కామారెడ్డి ప్రాంతమున రోడ్లు తెగి, ఇండ్లలోనికి నీళ్లు వచ్చెను.

గనుక వానకాలము రాకమునుపే ప్రతి కుటుంబము చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. మబ్బు పట్టగానే గోలెములు, బిందెలు నింపుకొనవలెను. కరెంటు లేనిదే బోరు నడువదు, ట్యాంకు నిండదు. టార్చి అందరికి తెలిసిన ఒకే చోట ఉండవలెను. కొవ్వొత్తిని నీళ్లుపోసిన పళ్లెములో నిలిపి, దోమతెరకును గడ్డికప్పుకును దూరముగా పెట్టవలెను. ఫ్రిజ్ తలుపు తెరువనియెడల సుమారు నాలుగు గంటలు చల్లదనము నిలుచును. ఆ పిమ్మట ఇన్సులిన్ బుడ్డిని తడి తగులకుండ చుట్టి, తడిపిన మట్టికుండలో ఉంచవచ్చును. జనరేటరును ఇంటిలోపల నడుపరాదు. దాని పొగలోని విషవాయువునకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణము తీయును. తెగిన తీగను ముట్టరాదు, దగ్గరకు పోరాదు; 1912కు ఫోను చేయవలెను. బట్టలారవేయు ఇనుప తీగను సర్వీసు తీగకు దూరముగా కట్టవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మోటారు నడువలేదను తొందరలో ఎవరును ట్రాన్స్‌ఫార్మరు గద్దెనెక్కి ఫ్యూజు వేయరాదు. ఒక్క మడి తడుపబోయి ప్రాణము విడిచిన రైతులు మన పల్లెలలో ఉన్నారు. ఓర్పు కూడ సిద్ధపాటులో భాగమే.

ఇప్పుడు ఆ చిక్కు ప్రశ్నకు తిరిగి వత్తము. ప్రభువు రాకడకు ఎవరి హృదయమును వారే సిద్ధపరచుకొనవలెననుట ఆ ఉపమానపు ముఖ్య బోధ. ఒకరి విశ్వాసమును మరియొకరు అప్పు తెచ్చుకొనలేరు. అయితే మా అనుభవము మాకు మరియొకటి చూపినది. బుద్ధిగలవారు పిసినితనముచేత కాదు, ఇద్దరికి చాలదనియే ఇయ్యలేదు. అర్ధరాత్రి పంచుకొనుటకు వీలులేని నూనెను ప్రొద్దుండగా పంచుకొనవచ్చునుగదా! పదిమందియు కలిసి బయలుదేరిరి, కలిసి కునికిరి. నీ సిద్దె ఏదమ్మా అని ఎవరైనను ఎవరినైనను అడిగినట్లు అక్కడ వ్రాయబడలేదు. మేమును అవ్వను అడుగలేదు. చీకటి పడిన తరువాత మా మనస్సు కఠినమైనందున కాదు, వెలుతురుండగా ఆమె మాకు జ్ఞాపకము రాకపోయినందుననే ఆమె పడిపోయెను.

అవ్వ మరల కర్రపట్టుకొని నడిచినది గాని, మందిరపు మెట్లు ఎక్కలేకపోయినది. మమ్మును ఒక్క మాటయు అనలేదు. అదియే మాకు గద్దింపు.

ప్రియ సంఘస్థులారా, ఈ నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మీ వాడలో ఒంటరిగా ఉన్న ముసలివారు, బాలెంతలు, రోగులు ఎవరెవరో లెక్కవేయుడి. వారు ఏ మతస్థులని, ఏ కులస్థులని అడుగకుడి. ఒక్కొక్క ఇంటిని ఒక్కొక్క కుటుంబము తన భాగమని ఎంచుకొనవలెను. కరెంటు పోయిన రాత్రి మొదట వారి తలుపు తట్టి, ఆ తరువాత మీ ఇంట ప్రార్థనకు కూర్చుండుడి. రెండవ దీపము అటకమీద పెట్టుటకు కాదు, వెనుక ఇంటికి పంపుటకు దేవుడు మనకిచ్చెను.