అప్పన్న ఎవరింటి అల్లుడు?

చైత్ర శుద్ధ ఏకాదశి వస్తోంది, అంటే మన సింహాచలం అప్పన్న పెళ్లి. నవమికి భద్రాద్రి రాముడి కల్యాణం టీవీలో చూసేస్తాం, రెండు రోజులకే మన కొండ మీద జరిగేది మర్చిపోతాం!

ఉగాదికే పెళ్లిరాట వేసేస్తారు. మూలవిరాట్టు చందనంలోనే ఉంటారు. పీటల మీద కూర్చునేది ఉత్సవమూర్తి గోవిందరాజస్వామి, శ్రీదేవి భూదేవులతో.

నాకు మాత్రం రథమే ఇష్టం. దాన్ని లాగేది జాలరిపేటల వాళ్లు. లక్ష్మమ్మ సముద్రంలో పుట్టింది కదా, అందుకే ఆవిడ వాళ్లింటి ఆడపిల్ల, అప్పన్న వాళ్ల అల్లుడు. పురాణంలోని పాలకడలి వాళ్లకి రోజూ వల వేసే బంగాళాఖాతమే.

నేనేమో కొండెక్కి ప్రమోషన్ అడిగి, క్యూ కదలట్లేదని విసుక్కుని దిగిపోతాను. అల్లుడింటికి ఎవరైనా అలా వెళ్తారా? ఈసారి షిఫ్ట్ మార్పించుకున్నాను. అడగడానికి కాదు, పెళ్లికి.