ఆటువేళ

మదనపల్లె, పుంగనూరు, కుప్పము మెట్టవారమైన మనకు పడవ ప్రయాణము క్రొత్త. తూర్పుతీరపు బకింగ్‌హాము కాలువలో పూర్వము ఉప్పు, కట్టెలు మోసిన పడవలు సముద్రపు ఆటుపోటులనుబట్టి నడిచెడివి. పోటువేళ పడవ తేలును. ఆటువేళ బురదనంటి నిలుచును. పడవవాడు దానిని విడిచిపోడు, నీటికొరకు కనిపెట్టును.

మనుష్యులకును ఆటువేళ కలదు. మన సీమను మాడ్చిన కరవులో, 1877-78లో, ఆకలిగొన్నవారు మద్రాసునందు కూవము, అడయారు నదులను కలుపు భాగమును కూలికి త్రవ్విరి. తమ పని యెవరికి మేలగునో వారెరుగరు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ కాలువయే పొంగిన నీటిని కొంత తనలోనికి తీసికొని తీరమున అనేకులను కాపాడెను.

కరవు మంచిదని నేననను. కరవులో చేసిన పని వ్యర్థము కాలేదందును. నీ ఆటువేళ చేతిలోని పార విడువకుము. దాని ఫలము నీవు చూడకపోయినను దేవుడు చూచును.