ప్రతిభ - ప్రభుత్వ పాఠశాల

ప్రభుత్వ పాఠశాలల్లో అసాధారణ ప్రతిభ గల పిల్లల్ని ఎలా గుర్తించాలి, గుర్తించాక వారికేం చెయ్యాలి అనే ప్రశ్న పైకి బోధనాశాస్త్రానికి మాత్రమే సంబంధించినదిగా కనిపిస్తుంది. నిజానికిది నైతిక ప్రశ్న. పదిమందికీ చెందిన ధనంతో ఒకరికి మెరుగైన చదువు చెప్పిస్తున్నప్పుడు, తక్కిన తొమ్మండుగురికి సమాజం ఏమని సమాధానం చెప్పుకోవాలి?

మన అభ్యుదయవాదుల్లో కొందరు దీనికి తేలికైన జవాబొకటి చెబుతారు. ప్రతిభ అనేది వర్గసమాజం కల్పించిన భ్రమ అనీ, అందరికీ ఒకే చదువు చాలుననీ వారి వాదం. ఇందులో నిజం లేకపోలేదు. కాని అది సగం నిజం. పది నిమిషాల్లో పాఠం గ్రహించిన కూలివాని కూతుర్ని మిగతా గంటంతా చేతులు కట్టుకుని కూర్చోమనడం సమానత్వం కాదు. ధనికుని కొడుక్కి ఇంట్లో పుస్తకాలుంటాయి, ట్యూషను మాస్టరుంటాడు. ఆ పిల్లకు బడి తప్ప వేరే దిక్కు లేదు. బడి కూడా ఆమెను విస్మరిస్తే నష్టపోయేది శ్రామికవర్గమే.

ఇక ప్రభుత్వాలు ఎన్నుకున్న మార్గం చూద్దాం. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో ఆంధ్రప్రదేశ్ తొలి గురుకుల పాఠశాల వెలిసింది. 1986 జాతీయ విద్యావిధానం నవోదయ విద్యాలయాలను జిల్లాజిల్లాకూ విస్తరింపజేసింది. వాటిలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు కేటాయించడం, తిండీ బట్టా పుస్తకాలూ ఉచితంగా ఇవ్వడం చిన్న విషయం కాదు. దీన్ని కాదనేవాడు పల్లె ఎరగనివాడు.

ఐతే లోపలికి వెళ్ళే ద్వారం ఎలాంటిది? ఆరవ తరగతిలో చేరడానికి రెండు గంటల్లో 80 ప్రశ్నలకు జవాబు రాయాలి. ఈ పరీక్ష మళ్ళీ రాసే అవకాశం లేదు. పదేళ్ళ పసివాని ప్రతిభను ఒక్క పూటలో తేల్చేస్తున్నామన్నమాట!

నన్నయ ఆదిపర్వంలో, కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనం నాడు, రంగస్థలంలోకి వచ్చిన కర్ణుణ్ణి కృపాచార్యుడు కులం అడుగుతాడు. నేటి ప్రశ్నపత్రం కులం అడగదు. కాని శిక్షణకు రుసుము కట్టగల తండ్రి ఉన్నాడా, అయిదో తరగతిదాకా మీ బడిలో తగినంతమంది ఉపాధ్యాయులున్నారా అని నోరు మెదపకుండానే అడుగుతుంది. అది కొలిచేది పిల్లవాని శక్తిని మాత్రమే కాదు, అంతవరకు వానికి అందినదాన్ని కూడా.

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. అప్పటికామె వయస్సు 13 సంవత్సరాలు. ఆ శక్తిని ఏ ప్రశ్నపత్రం కనిపెట్టగలదు? భువనగిరి కొండమీద శిక్షణ ఇచ్చారు గనక అది బయటపడింది. మనం గ్రహించవలసింది ఇదే. అవకాశం ముందు, గుర్తింపు తర్వాత. ఇవ్వకుండా వెదకడం అన్యాయం.

కనుక ప్రతిభాన్వేషణ ఒకనాటి పరీక్షగా కాక, ఏడాది పొడవునా బడిలో సాగే పనిగా ఉండాలి. ప్రతి బడిలో తాళం తీసి ఉంచిన గ్రంథాలయం, పిల్లలు చేతులతో ముట్టుకోగల ప్రయోగశాల, పాటకూ ఆటకూ చోటు ఉండాలి. తరగతికొక ఉపాధ్యాయుడుండాలి, పిల్లల్ని గమనించే తీరిక అతనికుండాలి. లెక్కల్లో ముందున్న పిల్లను ఆ ఒక్క గంట పై తరగతిలో కూర్చోబెట్టవచ్చు. కథ రాసేవానికి మరిన్ని పుస్తకాలు ఇవ్వవచ్చు. ఈ ఏడు వెనకబడినవానికి వచ్చే ఏడు కూడా తలుపు తెరిచే ఉండాలి. ఇందుకోసం పిల్లల్ని తోటివారినుంచి విడదీయనక్కరలేదు.

1964-66 కొఠారీ కమిషను సూచించిన ఉమ్మడి పాఠశాల విధానం అమలుకు నోచుకోలేదు. దాని స్థానంలో కొన్ని మంచి బడులు కట్టి, వాటి ముందు పిల్లల్ని బారులు తీర్చాం. ఆ కొన్ని బడుల్ని మూసెయ్యమని మనం అడగరాదు. వాటిలో ఉన్నవి ఊరిబడికి కూడా కావాలని అడగాలి. ఆ తొమ్మండుగురికి చెప్పగల సమాధానం అదొక్కటే.