ఉచితమా, స్వేచ్ఛా?

మొన్న చైత్రంలో మా చెల్లెలి కొడుకునీ, కోడలినీ వెంటబెట్టుకుని ఖమ్మం నుంచి భద్రాచలం బయల్దేరాను. పాల్వంచ దాటేసరికి తెల్లవారింది. ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు వంగి రాలిన పువ్వు ఏరుకుంటున్నారు.

మావాడు కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తాడు. పగలు ఉద్యోగం. రాత్రుళ్ళు రాసేది మాత్రం లోకానికి పంచిపెడతాడు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూడొచ్చు, దిద్దుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారట.

"ఈయన రాసింది పెద్ద కంపెనీలు వాడుకుంటున్నాయి అత్తయ్యా! ఒకటో తారీఖు వస్తే మాకు ఇంటద్దె బెంగ. డబ్బడగమంటే సిగ్గంటారు" అంది కోడలు.

"పదిమందికీ ఇచ్చేశాక డబ్బేమిటి పెద్దమ్మా?" అన్నాడు వాడు.

శభాష్ అనబోయి ఆగాను. నేను నవలలు టైపు చేసుకునేది 'పోతన' అక్షరాలతో. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి అందరికీ ఊరికే ఇచ్చారు. నేనో దణ్ణమైనా పెట్టలేదు. నా పారితోషికం ఆలస్యమైతే మాత్రం నాలుగు ఉత్తరాలు రాస్తాను! పోతన్న భాగవతాన్ని రాజుకు అమ్ముకోలేదని గొప్పగా చెప్పుకుంటాం. ఆ కథలోనే ఆయనకో నాగలి ఉందన్న సంగతి మరిచిపోతాం.

ఇంగ్లీషులో రెండిటికీ 'ఫ్రీ' అన్న ఒక్క మాటే. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో ఈ ఉద్యమానికి నాంది పలికిన రిచర్డ్ స్టాల్‌మన్ కోరింది స్వేచ్ఛనే. 1985లో తన ప్రోగ్రాము టేపును ఆయనే 150 డాలర్లకు అమ్మాడు. రెడ్ హ్యాట్ కంపెనీ అందరిదీ అయిన ప్రోగ్రాములను కనిపెట్టుకుని ఉండే పనికి రుసుము తీసుకుంది. 2019లో ఐబీఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

రెండో వైపు కూడా చూడాలి కదా! ఇంటర్నెట్లో మన రహస్యాలను కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్రోగ్రాములో 2014లో పెద్ద లోపం బయటపడింది. ప్రపంచమంతా వాడే ఆ ప్రోగ్రాముకు కాపలా గుప్పెడు మనుషులు. ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్లు! 'ప్రేమతో చేస్తున్నారుగా' అన్న మాటను లోకం ఎంత చవగ్గా వాడుకుంటుందో, వంటింట్లో ఉన్న మనకు తెలియదూ?

గుళ్ళో దర్శనం ఊరికే అయింది. ప్రసాదానికి డబ్బిచ్చాం. స్వామికి అపచారం ఏమీ జరగలేదు. ఈ గుడి కట్టించినందుకు పాల్వంచ తహసీల్దారు గోపన్న గోల్కొండ చెరసాలలో మగ్గాడు. అందరిదీ అయిన ప్రతిదానికీ ఎవరో ఒకరు మూల్యం చెల్లించే ఉంటారు. ఆ ఒకరు ఎప్పుడూ ఒక్కరే కావాలా?

తిరుగుదారిలో వాడితో అన్నాను: "నాన్నా, ఇప్పపువ్వు అడవి ఇచ్చింది. ఏరిన నడుముకు కూలి అడిగితే అడవిని అమ్ముకున్నట్టు కాదు. చెట్టు చుట్టూ కంచె వేస్తే తప్పు."

వాడు మాట్లాడలేదు.

ఆ రాత్రి నా కంప్యూటరు బాగుచేశాడు. వెయ్యి రూపాయలు ఇవ్వబోతే, "ఛ, ఏమిటి పెద్దమ్మా!" అంటూ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

కోడలు నవ్వి, చెయ్యి చాచింది.