చేర్చుకున్నదీ స్వభావమే

ఒక వస్తువుకు కొత్త భాగం చేర్చాక అది పాత వస్తువేనా అన్నది మన దర్శనాల్లో చాలా పాత వివాదం. ఒక్క అవయవం చేరినా, ఊడినా పాత అవయవి, అంటే భాగాల కూడికగా కనబడే మొత్తం, నశించి కొత్త అవయవి పుడుతుందని న్యాయవైశేషికులు వాదించారు. బౌద్ధ గ్రంథమైన మిళిందపన్హలో భిక్షువు నాగసేనుడు చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, ఆ కూడికకు వ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథమని తేల్చాడు. ఈ వివాదానికి మన కాలంలో కంటికి కనబడే సాక్ష్యం ఒకటుంది: పాత కంప్యూటర్‌కు ఒక కార్డు బిగించి, దాన్ని నడిపే డ్రైవర్ ఎక్కించి, అంతవరకూ దానికి చేతకాని పని చేయించడం. ఆ సాక్ష్యాన్ని బట్టి నాకు తోచేది ఇది. కొత్తదాన్ని చేర్చుకుంటూనే పాత మాట నిలబెట్టుకున్నంత కాలం వస్తువు తానుగానే ఉంటుంది.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ జిస్ట్ కార్డు. ఐఐటీ కాన్పూర్‌లో 1980లలో సాగిన పరిశోధనకు ఆ తర్వాత పుణెలోని సీడాక్ ఈ రూపమిచ్చింది. ఐబీఎం పీసీ తరహా యంత్రంలో ఖాళీ స్లాటులో దాన్ని బిగిస్తే, ఇంగ్లీషు తప్ప మరొకటి ఎరగని డాస్ ప్రోగ్రాముల్లోనే తెలుగు టైపు చేసే, తెర మీద చదివే వీలుండేది. గుణింతాలు, ఒత్తులు కూర్చే భారం కార్డుదే, ప్రోగ్రామును తిరగరాయనక్కర్లేకపోయింది. అక్షరాలకు సంఖ్యలు కేటాయిస్తూ 1991లో జాతీయ ప్రమాణంగా వెలువడిన ఇస్కీ పట్టిక, ఉన్న 256 స్థానాల్లో మొదటి 128ని ఇంగ్లీషుకు అలాగే వదిలి, పై సగంలో మన అక్షరాలకు చోటిచ్చింది. పైగా ‘క’కు తెలుగులోనైనా, కన్నడంలోనైనా, తమిళంలోనైనా ఒకటే సంఖ్య. మూడు రాష్ట్రాలు కలిసే రామకుప్పం, కుప్పం సీమలో ఇది ఎవరికీ వింతగా తోచదు. తెలుగు, తమిళం, కన్నడం, తుళు వంటి ద్రావిడ భాషలు ఒకే ఆవరణలో చదవాలన్న ఉద్దేశంతో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వెలిసింది కుప్పంలోనే. ఇక్కడ తమిళం నేర్చిన తెలుగువాడు తెలుగువాడు కాకుండా పోలేదు.

తయారైననాటి రూపమే అసలుది, చేర్చిందంతా కల్తీ అని కొందరంటారు. ఐబీఎం పీసీ చరిత్ర ఈ మాటను నిలవనివ్వదు. 1981లో వెలువడిన ఆ యంత్రంలో అయిదు స్లాటులు ఉండేవి. తెర మీద అక్షరం కనబడాలన్నా, ఫ్లాపీ తిరగాలన్నా వాటిలో కార్డు ఉండాల్సిందే. కార్డు లేని శుద్ధ పీసీ అంటూ పనిచేసే యంత్రం మొదటి నుంచీ లేదు. 1983లో డాస్ రెండో వెర్షన్, ఎవరు రాసిన డ్రైవర్‌నైనా ఒక్క వాక్యంతో పిలిచే వీలు కల్పించింది. ఇతరులకు చోటివ్వడం ఆ యంత్రానికి తర్వాత అంటిన గుణం కాదు, పుట్టుకతో వచ్చిన స్వభావం.

ప్రతి చేర్పూ ఏదో ఒకదాన్ని తోసేస్తుందన్న ఆక్షేపణకు బలం ఎక్కువ. ఇస్కీ తీసుకున్న పై సగంలో ఐబీఎం యంత్రాల్లో అప్పటికే యూరప్ అక్షరాలు, గళ్లు గీసే గీతలు ఉన్నాయి. ఒకే సంఖ్యకు ఏకకాలంలో రెండు అర్థాలు ఉండవు. రెండు కార్డులు ప్రాసెసర్‌ను పిలిచే ఒకే సంకేతాన్ని (ఇంటరప్ట్) కోరితే రెండూ మొరాయించవచ్చు. ఇది నిజం. అందుకే చేర్పుకు హద్దు కావాలి, ఆ హద్దు పాతవాటికి ఇచ్చిన మాట. 1987లో ఐబీఎం తన పీఎస్/2 యంత్రాల్లో మైక్రోచానల్ అనే కొత్త స్లాటు పద్ధతి తెచ్చింది. అది మెరుగైన పద్ధతే, కానీ పాత కార్డులు అందులో పట్టవు. మరుసటి ఏడు పోటీ సంస్థలు పాత కార్డులూ పట్టేలా ఈఐఎస్ఏ అనే స్లాటు పద్ధతిని ప్రకటించాయి. పీసీ వారసత్వం పేరుగల సంస్థ దగ్గర ఆగలేదు, మాట నిలిపినవాళ్ల వెంట నడిచింది.

నాగసేనుడికీ ఇదే జవాబు. రాత్రంతా వెలిగే దీపం తొలిజామునా కడజామునా అదే కాదు, వేరూ కాదని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ కొనసాగింపునే నేను తనదనం అంటున్నాను. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి బోధ నుంచి ఇంకా లోతైన ప్రశ్న వస్తుంది. పోగేసుకున్న జ్ఞానం, నమ్మకం మనసును బిగిస్తాయని, పోగు పెంచడం పరివర్తన కాదని ఆయన జీవితాంతం చెప్పారు. ఒప్పుకుంటాను: చేర్పు విముక్తి కాదు. అయితే నాశనమూ కాదు. డ్రైవర్‌ను పిలిచే వాక్యం తీసేసి కార్డు ఊడదీస్తే యంత్రం పూర్వస్థితికి వస్తుంది. మనసును బంధించేది చేర్చుకున్నదాన్ని చేర్చుకున్నదిగా గుర్తించలేకపోవడం. కాబట్టి కొత్త ఆచారమైనా, భాషయినా, విద్యయినా మన ఇంటికి వచ్చినప్పుడు అడగాల్సినవి రెండు: ఇది పాతవాళ్లకు ఇచ్చిన మాట నిలుపుతుందా, అవసరమైతే దీన్ని పక్కన పెట్టి చూడగలమా? రెంటికీ అవునన్న జవాబు వస్తే, దాన్ని పరాయిదని తోసేయడానికి ధర్మంలో ఆధారం లేదు.