సీసా మనదే, ఓడ ఎవరిది?



ఈ వారం వీడియోలో యక్షప్రశ్నల ఘట్టం చెప్పుకున్నాం. ఎక్కువ టైమ్ ప్రశ్నలకీ జవాబులకీ పోయింది. కానీ ఆ కథ మొదలయ్యేది ప్రశ్నలతో కాదు, దాహంతో. ఎదురుగా నిండు కొలను, నాలుక పిడచకట్టుకుపోతోంది, ఎవరో కనబడకుండా "ఆగు" అంటున్నారు. ఈ పోస్టు ఆ "ఆగు" గురించి.

దీని గురించి రాయాలనిపించడానికి కారణం ఒక క్రూయిజ్ ప్లాన్. మాది జిన్నారం. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల 'ఎంప్రెస్' నౌక విశాఖకి వచ్చింది, 2023 సెప్టెంబర్‌లో అక్కడ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా మొదలైంది. నాతో ఇంజనీరింగ్ చదివిన నలుగురు ఈమధ్య మనమూ ఒకసారి ఓడెక్కుదాం అనుకున్నారు. లోపల డ్రింక్స్ రేట్లు చూసి గుండె గుభేల్‌మంది. ఇక గ్రూపులో చర్చంతా సీసాలు దొరక్కుండా ఎలా తీసుకెళ్లాలా అన్నదాని మీదే. మౌత్‌వాష్ సీసా ఖాళీ చేసి, అందులో వోడ్కా పోసి, రెండు చుక్కల ఆకుపచ్చ రంగు కలిపితే ఎవరూ పట్టుకోలేరట. చివరికి ఒకడు నన్ను అడిగాడు: "నువ్వు ధర్మం వీడియోలకి స్క్రిప్టులు రాస్తావ్ కదరా. నా పైసలతో నేను కొన్న సీసా నేను తాగితే దొంగతనం ఎట్లయితది?"

మద్యం తాగడం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మన చానల్ చూసేవాళ్లకి మా అభిప్రాయం తెలిసిందే. దాన్ని పక్కన పెట్టినా ఈ ప్రశ్న అలాగే ఉంటుంది. సీసాలో వోడ్కా బదులు థమ్సప్ ఉన్నా, మామూలు నీళ్లున్నా అడగొచ్చు. అందుకే నేను తేలిగ్గా కొట్టిపారేయలేకపోయాను.

టికెట్ వెనకాల లెక్క

వాడి మాటలో నిజం ఉంది. సీసా వాడిదే. కాబట్టి మామూలు అర్థంలో ఇది దొంగతనం కాదు. అయితే టికెట్ కొనేటప్పుడు వాడు ఒక మాట ఇచ్చాడు. మనం చదవకుండా టిక్ పెట్టేసే ఆ షరతుల పేజీలోనే ఆ మాట ఉంటుంది.

పెద్ద క్రూయిజ్ కంపెనీల ఆదాయంలో సుమారు మూడో వంతు టికెట్ల మీద రాదు. ఓడ ఎక్కాక జనం పెట్టే ఖర్చు మీద వస్తుంది. అందులో బార్ బిల్లు పెద్దదే. అంటే టికెట్ ఆ రేటుకి దొరకడానికి లోపల అమ్మకాలు కూడా ఒక కారణం. సీసా దాచుకుని ఎక్కినవాడు తక్కువ టికెట్ లాభం తీసుకున్నాడు, దానికి బదులుగా ఒప్పుకున్న షరతు మాత్రం ఎగ్గొట్టాడు. "వాళ్లు దోచుకుంటున్నారు" అంటే, సరే, కొనకండి. ఓడలో రెండు రాత్రులు డ్రింక్ లేకపోతే ఎవరి ప్రాణమూ పోదు. నచ్చకపోతే ఓడే ఎక్కకండి. ఈ రెండు దారులూ ఎప్పుడూ తెరిచే ఉన్నాయి.

"నా ఒక్క సీసా వల్ల ఎవరికి నష్టం?" అనేవాళ్లకి ఒక నిజం సంగతి చెప్తాను. అమెరికాలో కార్నివాల్ అనే పెద్ద క్రూయిజ్ కంపెనీ ఉంది. 2015 జూలైకి ముందు ప్రయాణికులు తమ మంచినీళ్ల సీసాలు ఓడలోకి తీసుకెళ్లనిచ్చేవారు. కొందరు ఆ సీసాల్లోనే మద్యం పోసి తేవడం మొదలుపెట్టారు. వేల మంది ఎక్కే చోట ఒక్కో సీసా మూత తీసి చూడటం అయ్యే పని కాదు. దాంతో కంపెనీ నీళ్ల సీసాలతో సహా సీసా డ్రింకులన్నిటినీ ఆపేసింది. కూల్‌డ్రింక్ క్యాన్లు పన్నెండు దాకా, పెద్దవాళ్లకి తలా ఒక 750 మి.లీ. వైన్ సీసా మాత్రం ఎక్కే రోజున అనుమతించింది. చూడండి, వైన్ సీసా వెళ్తుంది, మంచినీళ్ల సీసా వెళ్లదు! కంపెనీ బాగానే ఉంది. నిజంగా నీళ్లే తెచ్చుకున్నవాళ్లు మాత్రం గేటు దగ్గర ఆగిపోయారు. దొంగచాటు పని చేసినవాడు పోగొట్టేది కంపెనీ డబ్బు కన్నా ఎక్కువే. తన వెనకాల లైన్లో నిజం చెప్పేవాడి మాటకి ఉన్న విలువ కూడా పోగొడతాడు.

యక్షుడి కొలను

ఇప్పుడు అరణ్యపర్వానికి వద్దాం. ఒక బ్రాహ్మణుడి అరణిని లేడి కొమ్ములకి తగిలించుకుని పారిపోతే, పాండవులు దాని వెంట పడి అలిసిపోయారు. నీళ్ల కోసం నకులుడు వెళ్లాడు. కొలను దగ్గర ఒక స్వరం వినిపించింది. ఈ కొలను నాది, నా ప్రశ్నలకి జవాబు చెప్పి తర్వాత తాగు అని. నకులుడు పట్టించుకోలేదు, తాగాడు, పడిపోయాడు. సహదేవుడు, అర్జునుడు, భీముడు, వరసగా అదే జరిగింది.

చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు యక్షుడి మీద కోపం వచ్చేది. దాహంతో ఉన్నవాడికి క్విజ్ పెడతారా? ఇప్పుడు చదివితే వేరే విషయం కనిపిస్తోంది. నలుగురిలో ఒక్కడు కూడా ఆ స్వరాన్ని అనుమతి అడిగే ప్రయత్నం చేయలేదు. "అయ్యా, గొంతు ఎండిపోతోంది, ముందు రెండు దోసిళ్లు తాగనివ్వండి, తర్వాత ఎన్ని ప్రశ్నలైనా అడగండి" అని అడగొచ్చు కదా? అర్జునుడైతే కనబడని గొంతు మీద బాణాలే వేశాడు. ధర్మరాజుకీ అదే దాహం. పైగా ఎదురుగా నలుగురు తమ్ముళ్లు పడి ఉన్నారు. అయినా ఆయన, ముందే నీదైనదాన్ని నేను ఆశించను, నీ ప్రశ్నలు అడుగు అన్నాడు. ఆ ఒక్క ఒప్పుకోలు తర్వాతే మనకి తెలిసిన ప్రశ్నలన్నీ వచ్చాయి. చివరికి ఆ యక్షుడు ఎవరో తెలిసింది కదా, సాక్షాత్తూ యమధర్మరాజు.

ఇది నా అవగాహన మాత్రమే, పండితులు ఇంకోలా చెప్పొచ్చు. ఆ నలుగురి తప్పు నీళ్లు తాగడంలో లేదు. ఆ చోటుకి ఒక యజమాని ఉన్నాడని, ఆయనకి ఒక మాట చెప్పాలని అనుకోకపోవడంలో ఉంది.

ఉషస్తి వద్దన్న నీళ్లు

"మరి అవసరమైతే?" అని అడుగుతారు. దానికి ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుడి కథ ఉంది. నాకు చాలా ఇష్టమైన కథ. వడగళ్ల వానకి కురుదేశంలో పంటలు పోయాయి. ఉషస్తి ఆకలితో తిరుగుతూ, ఒక మావటివాడు ఉలవల్లాంటి గింజలు తింటుంటే చూసి నాకూ పెట్టు అన్నాడు. నా దగ్గర ఈ ఎంగిలివి తప్ప లేవు అన్నాడు మావటి. అవే పెట్టు అన్నాడు ఉషస్తి. తిన్నాక మావటి నీళ్లిస్తే మాత్రం వద్దన్నాడు, అవి ఎంగిలి నీళ్లు అని. మరి గింజలు ఎంగిలి కాదా అని మావటి అడిగితే, అవి తినకపోతే బతికేవాణ్ని కాదు, నీళ్లు నాకు ఇంకోచోట దొరుకుతాయి అన్నాడు.

ఎంత నిజాయితీ చూడండి. అవసరం నియమాన్ని సడలిస్తుంది, కానీ అవసరం ఎంతవరకు ఉందో అంతవరకే. ప్రాణం కోసం ఎంగిలి తిన్న చెయ్యే, ప్రాణానికి అక్కర్లేని నీళ్లని పక్కకి నెట్టింది. మనం సాధారణంగా దీనికి తిరగేసి చేస్తాం. ఒకచోట నిజంగా అవసరం ఉంటుంది, దాన్ని చూపించి పది సరదాలు లోపలికి తెస్తాం. సుగర్ ఉన్న అమ్మ పేరు చెప్పి బ్యాగులో చిప్స్, కూల్‌డ్రింకులు పెట్టుకోవడం అలాంటిదే.

మా ఊరి నీళ్లు

ఇంతవరకు చదివి, వీడు కంపెనీల వైపు మాట్లాడుతున్నాడు అనుకోకండి. మా వైపు మనుషులకి నీళ్ల సీసా వెంట తీసుకెళ్లడం పిసినారితనం కాదు.

1970లలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చింది. తర్వాత బొల్లారం, అప్పటి మెదక్ జిల్లా జిన్నారం మండలంలోని కాజీపల్లి, గడ్డపోతారం దాకా మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు పాకాయి. ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. కానీ వ్యర్థాలు నక్కవాగులోకి దిగాయి, చెరువులు, బావులు, బోర్లు పాడయ్యాయి. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టుకి వెళ్లింది. పాడైన ఊళ్లకి తాగే నీళ్లు బయటి నుంచి ఇవ్వాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. సొంత బావి ఉండి, ఆ బావి నీళ్లు తాగలేని పరిస్థితి. మా నాయనమ్మ ఇప్పటికీ పెళ్లికి పోయినా పేరంటానికి పోయినా సంచిలో ఇంటి నీళ్లు పెట్టుకునే బయల్దేరుతుంది. ఆమె చేతిలోంచి ఎవరైనా ఆ సీసా లాక్కుంటే నాకు రూల్స్ గుర్తురావు, కోపం వస్తుంది.

అందుకే యజమాని ధర్మం గురించి కూడా మాట్లాడాలి. మన పెద్దలు యజ్ఞాలని ఇష్టమని, చెరువు తవ్వించడం, బావి కట్టించడం, తోట వేయించడం లాంటివాటిని పూర్తమని అన్నారు. రెండూ కలిస్తేనే ఇష్టాపూర్తం. ఎండాకాలం మన రోడ్ల మీద కనిపించే చలివేంద్రం ఈ రెండో దాని కొనసాగింపే. కుండ పెట్టినవాడు దాహంతో వచ్చినవాడి జేబు వైపు చూడడు. డ్రింక్స్ అమ్ముకునే హక్కు యజమానికి ఉండొచ్చు. దాహాన్ని అమ్ముకునే హక్కు లేదు.

ఈమధ్య మన సుప్రీంకోర్టు కూడా దాదాపు ఇదే గీత గీసింది. సినిమా హాళ్లలోకి బయటి తిండి తీసుకెళ్లొచ్చని జమ్మూ కశ్మీర్ హైకోర్టు 2018లో ఇచ్చిన ఆదేశాన్ని, 2023 జనవరి 3న చీఫ్ జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ పి.ఎస్. నరసింహల ధర్మాసనం పక్కన పెట్టింది. హాలు యజమానిది, బయటి తిండి వద్దనే హక్కు ఆయనకుంది, అక్కడ కొనాలా వద్దా అన్నది ప్రేక్షకుడి ఇష్టం అని చెప్పింది. కానీ శుభ్రమైన తాగునీరు మాత్రం ఉచితంగా ఉండాలి, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తెచ్చుకునే ఆహారాన్ని ఆపకూడదు అని కూడా గుర్తు చేసింది. పాప్‌కార్న్ వ్యాపారం, పాలసీసా అవసరం. ఈ తేడా తెలుసుకోవడానికి లా డిగ్రీ అక్కర్లేదు, ఉషస్తి కథ చాలు.

గేటు దగ్గర చెప్పగలమా?

మరి ఏది అవసరమో, ఏది సరదానో ఎవరు తేలుస్తారు? మన మనసు చాలా తెలివైన లాయర్. ఏ సీసాకైనా ఒక కారణం చూపిస్తుంది. అందుకని నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఈ సీసాని చేతిలో పట్టుకుని, గేటు దగ్గర నిలబడిన మనిషి కళ్లలోకి చూసి, లోపల ఏముందో, ఎందుకు తెచ్చానో చెప్పగలనా?

మందులు వేసుకోవడానికి తెచ్చిన కాచిన నీళ్లైతే చెప్పగలను. పాపకి పాలైతే చెప్పగలను. మా అత్తయ్య కార్తీకమాసమంతా బయటి నీళ్లు ముట్టరు, ఆమె నియమం గురించీ చెప్పగలను. అవసరమైతే ముందే ఫోన్ చేసి అడుగుతాను. వాళ్లు కాదంటే మేనేజర్‌ని అడుగుతాను, ఫిర్యాదు రాస్తాను, లేదా ఆ ప్రయాణం మానుకుంటాను. మౌత్‌వాష్ సీసాలో వోడ్కా గురించి మాత్రం చెప్పలేను. ఆ ఆకుపచ్చ రంగు చుక్కలు ఎందుకు? అవతలి మనిషిని అబద్ధం నమ్మించడానికి. తప్పు సీసాలో లేదు, ఆ రెండు చుక్కల్లో ఉంది. దొంగతనం కాకపోవచ్చు, అసత్యం అవునా కాదా?

"అన్యాయమైన రూల్‌ని కూడా పాటించాలా?" అనే ప్రశ్న మిగిలింది. అక్కర్లేదు. 1930లో గాంధీగారు ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. కానీ మార్చి 2నే వైస్రాయ్‌కి ఉత్తరం రాసి, ఏం చేయబోతున్నారో చెప్పి మరీ బయల్దేరారు. ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీసింది అందరి ముందు, పట్టపగలు. ఆ ఉప్పుని ఆయన జేబులో దాచుకుని ఇంటికి తెచ్చుకుని ఉంటే మనం ఈరోజు ఆయన పేరు చెప్పుకునేవాళ్లం కాదు. అన్యాయం అనిపిస్తే బయటికి చెప్పి ఎదిరించాలి. దాచుకుని తప్పించుకుంటే ఆ రూల్ అలాగే ఉంటుంది, మనం మాత్రం కొంచెం అబద్ధాలకి అలవాటు పడతాం.

నా స్నేహితుడికి ఇంతే చెప్పాను: సీసా నీదే, కాదనట్లేదు. ఓడ నీది కాదు, మాట మాత్రం నీది. ఆ మాట ఇచ్చి టికెట్ తీసుకున్నావ్.

ఈ వారం ఒక చిన్న సాధన చేద్దాం. సినిమా హాలు, ఫంక్షన్ హాలు, ఆఫీసు, ఎక్కడైనా సరే, గేటు దగ్గర బ్యాగులో ఏదైనా దాచాలనిపిస్తే ఒక్క నిమిషం ఆగి, దాచకుండా అడిగి చూద్దాం. అలాగే మన ఇంటి గేటు దగ్గరికి వచ్చే డెలివరీ అబ్బాయిని, చెత్త తీసుకెళ్లే అమ్మని, వాళ్లు అడగకముందే మంచినీళ్లు కావాలా అని అడుగుదాం. మొదటిది మనం అతిథిగా ఉన్నప్పటి ధర్మం, రెండోది యజమానిగా ఉన్నప్పటిది. రోజూ మనం ఈ రెండూ అవుతూనే ఉంటాం.

వచ్చే వారం వీడియోలో నకులుడినే ఎందుకు బతికించమన్నాడో మాట్లాడుకుందాం.

హరిః ఓం.